ఇంగ్లిష్ ఫ్రేజల్ వెర్బ్స్: నెల్లూరు, ఒంగోలు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు డిగ్రీ పిల్లలు వస్తారు, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు వస్తారు, విదేశాలకు వెళ్లాలనుకునే నర్సులు, రొయ్యల ఎక్స్‌పోర్ట్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు కూడా వస్తారు. గ్రామర్‌లో ఎవరి ఇబ్బంది వాళ్లది. ఫ్రేజల్ వెర్బ్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరివీ దాదాపు ఇవే ప్రశ్నలు. ఇంగ్లిష్ మాటలను పలికినట్టే తెలుగు లిపిలో రాశాను. పక్కన నోటుబుక్ పెట్టుకుని స్పెల్లింగుతో సహా రాసుకుంటూ చదివితే మంచిది.

అసలు ఫ్రేజల్ వెర్బ్ అంటే ఏంది సార్?

ఒక క్రియకు ‘అప్, ఆఫ్, అవుట్, ఇన్, ఆన్, డౌన్’ లాంటి చిన్న మాట తోడై, రెండూ కలిసి ఒకే క్రియలా పనిచేస్తే అది ఫ్రేజల్ వెర్బ్. ‘గివ్’ అంటే ఇవ్వడం. ‘గివ్ అప్’ అంటే వదిలేయడం. ఇందులో ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వరు, పైకీ పోరు. అన్నీ ఇంత దూరం వెళ్లవు లెండి. ‘సిట్ డౌన్’, ‘కమ్ బ్యాక్’ లాంటివి వినగానే తెలిసిపోతాయి. అసలు ఇబ్బంది పెట్టేవి సగం అర్థమైనట్టే అనిపించి, వాక్యంలో వాడేటప్పుడు కాలు జారేలా చేసేవి.

ఇవి మనకేనా కష్టం?

ఇంగ్లిష్ సొంతభాష కాని అందరికీ కష్టమే. శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లిష్ నిఘంటువు అచ్చువేసినప్పుడే ముందుమాటలో ఈ సంగతి రాశాడు. క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చే అలవాటు ఇంగ్లిష్‌లో చాలా ఎక్కువనీ, పరభాషవాళ్లను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదేననీ ఆయన మాట. ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు చాలా తర్వాతది. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ దాన్ని పుస్తకంలో వాడాడు. సూచించింది మాత్రం ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ.

తెలుగువాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది, ఎవరూ దాన్ని వాడుకోరు. మనం ‘తిను’ అంటాం, ‘తినేయ్’ అంటాం. రెండూ ఒకటి కాదని మూడేళ్ల బిడ్డకు కూడా తెలుసు. ప్లేట్లో ఏమీ మిగల్చకుండా తినమనడానికి ఇంగ్లిష్‌వాడు ‘ఈట్ అప్’ అంటాడు. ‘వాడాను’, ‘వాడేశాను’ మధ్య తేడా ‘యూజ్డ్’, ‘యూజ్డ్ అప్’ మధ్య తేడాయే. మనం క్రియ చివర ‘ఏయ్’, ‘పో’, ‘కో’ తగిలించి చేసే పనిని వాళ్లు ‘అప్’, ‘ఆఫ్’, ‘డౌన్’ పెట్టి చేస్తున్నారు. ‘చేతులెత్తేశాడు’, ‘చేయి చేసుకున్నాడు’ లాంటివి విడదీసి అర్థం చెప్పమంటే మనమూ చెప్పలేం. పుట్టినప్పటి నుంచి వింటున్నాం కాబట్టి నోటికి వచ్చేస్తాయి.

నాకు ఒక్కటి కూడా రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రాదనుకుంటున్నారు గానీ, వచ్చు. నెల్లూరులో మాగుంట లేఅవుట్ ఎక్కడంటే ఆటోవాళ్లు సరిగ్గా తీసుకెళ్తారు. ఆ ‘లేఅవుట్’ ఎక్కడిది? ‘లే అవుట్’ అంటే స్థలాన్ని ప్లాను ప్రకారం అమర్చడం. కౌన్సెలింగ్ రోజుల్లో ప్రతి ఇంట్లో వినపడే ‘కటాఫ్’, హాస్పిటల్లో ‘చెకప్’, ఫోన్లో ‘బ్యాకప్’, ‘లాగిన్’, పెళ్లిలో ‘మేకప్’, ఏమీ లేకుండా గొప్పలు పోయేవాడి ‘బిల్డప్’ అన్నీ ఈ కుటుంబానివే. ఇవన్నీ మన నోట్లో నామవాచకాలుగా తిరుగుతున్నాయి. వాటిని విడదీసి క్రియగా వాడటమే మీరు చేయాల్సిన మొదటి పని. ‘లారీ బ్రేక్‌డౌన్ అయింది’ అని రోజూ అనేవాళ్లు ‘ద లారీ బ్రోక్ డౌన్ నియర్ కావలి’ అనడానికి ఎంతో సమయం పట్టదు.

ఒక్క జాగ్రత్త. నామవాచకం అయితే రాతలో కలిపేస్తారు, లేదా మధ్యలో హైఫన్ పెడతారు. క్రియ అయితే విడిగా రాస్తారు. ‘లాగిన్’ పేజీలో మీరు ‘లాగ్ ఇన్’ అవుతారు. ‘ఐ లాగిన్డ్’ అనే మాట లేదు, ‘ఐ లాగ్డ్ ఇన్’ అనాలి.

మొత్తం ఎన్ని ఉంటాయి? ఎన్ని నేర్చుకుంటే సరిపోతుంది?

మొత్తం వేలల్లో ఉంటాయి. ఆ లెక్క మీకు అనవసరం. డీ గార్డనర్, మార్క్ డేవీస్ అనే ఇద్దరు పరిశోధకులు 10 కోట్ల పదాలున్న బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను (బ్రిటిష్ ఇంగ్లిష్ రాతలు, మాటల పెద్ద సేకరణ) జల్లెడ పట్టి 2007లో ఫలితాలు ప్రకటించారు. అందులో కనిపించిన ఫ్రేజల్ వెర్బ్స్‌లో సగానికి పైగా, కేవలం 20 క్రియలు 8 చిన్న మాటలతో కలిసి ఏర్పడినవే. ‘గో, కమ్, టేక్, గెట్, పుట్, సెట్, టర్న్, లుక్, మేక్, బ్రింగ్’ లాంటి మామూలు క్రియలవి, ఆరో తరగతి పిల్లలకు తెలిసినవే. అక్కడ తరచుగా కనిపించేవాటిలో ‘గో ఆన్’, ‘క్యారీ అవుట్’, ‘సెట్ అప్’, ‘పిక్ అప్’, ‘పాయింట్ అవుట్’, ‘ఫైండ్ అవుట్’ ముందుంటాయి. బజార్లో దొరికే ‘వెయ్యి ఫ్రేజల్ వెర్బ్స్’ పుస్తకం కొనే ముందు ఇది ఒకసారి గుర్తుతెచ్చుకోండి.

లిస్టు బట్టీ పట్టేస్తే పోలా?

పరీక్ష ముందు రోజుకు పనికొస్తుంది. మాట్లాడటానికి పనికిరాదు. ‘బ్రింగ్ అప్ అంటే పెంచుట’ అని బట్టీ పట్టినవాళ్లు ‘ఐ బ్రాట్ అప్ టొమాటో ప్లాంట్స్’ అంటారు. మొక్కల్ని ‘బ్రింగ్ అప్’ చేయరు, ‘గ్రో’ చేస్తారు. ‘బ్రింగ్ అప్’ పిల్లలకే. రొయ్యలకూ పనికిరాదు. ఆ మాట చెబితే ఆక్వా చెరువులున్న ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు నవ్వుతారు గానీ మళ్లీ మర్చిపోరు.

అందుకే నా పద్ధతి ఒకటే. అర్థంతో కాదు, దాంతో కలిసి తిరిగే మాటతో నేర్చుకోండి. నోటుబుక్‌లో ‘పుట్ ఆఫ్ = వాయిదా వేయు’ అని రాయొద్దు. ‘పుట్ ఆఫ్ ద వెడ్డింగ్’ అని రాయండి. ‘టర్న్ డౌన్’ పక్కన ‘యాన్ ఆఫర్’ పెట్టండి, ‘రన్ అవుట్ ఆఫ్’ పక్కన ‘కుకింగ్ గ్యాస్’ పెట్టండి. ‘గెట్ అలాంగ్ విత్’ పక్కన మీ అత్తగారినో కోడలినో పెట్టుకోండి, మీ ఇష్టం. తర్వాతి పేజీలో మీ బతుకులో నిజంగా జరిగిన వాక్యం ఒకటి రాయండి. చెరువు దగ్గర పనిచేసేవాళ్లయితే ‘ద పవర్ వెంట్ ఆఫ్ అండ్ ది ఏరేటర్స్ స్టాప్డ్’, ‘వి రాన్ అవుట్ ఆఫ్ ఫీడ్’ అని రాయొచ్చు. కరెంటు పోయి ఏరేటర్లు, అంటే చెరువు నీళ్లకు గాలి అందించే మిషన్లు ఆగితే చెరువు దగ్గర ఎంత టెన్షన్ ఉంటుందో తెలిసినవాళ్లు ఆ వాక్యాన్ని మర్చిపోలేరు. వేరేవాళ్ల పుస్తకంలో జాన్, మేరీ చేసిన పనులు మనకు గుర్తుండవు.

‘పుట్ ఆఫ్’, ‘కాల్ ఆఫ్’ రెండూ ఒకటేనా?

కాదు. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా, పని తర్వాత జరుగుతుంది. ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు. వాన వల్ల నిశ్చితార్థం వచ్చే నెలకు మారితే ‘పుట్ ఆఫ్’. రెండు వైపులా మాటామాటా పెరిగి సంబంధమే వద్దనుకుంటే ‘కాల్ ఆఫ్’.

దీనికి మన పక్కనే జరిగిన ఉదాహరణ ఉంది. 2019 జులై 15న తెల్లవారుజామున చంద్రయాన్-2 ప్రయోగాన్ని 56 నిమిషాల ముందు ఆపేశారు. శ్రీహరికోట అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది. ఆ రోజు ఇస్రో ప్రకటనలో వాడిన మాట ‘కాల్డ్ ఆఫ్ ఫర్ టుడే’. వారం తర్వాత జులై 22న రాకెట్ ఎగిరింది కదా, మరి రద్దు అన్నారేమని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ‘ఫర్ టుడే’ అనే రెండు మాటల్లో జవాబు ఉంది. రద్దయింది ఆ రోజు ప్రయోగం మాత్రమే. మొత్తం మీద చూస్తే ప్రయోగం ‘పుట్ ఆఫ్’ అయినట్టే. అన్నట్టు విమానం ‘టేక్ ఆఫ్’ అవుతుంది, రాకెట్‌కు ‘లిఫ్ట్ ఆఫ్’ అంటారు.

‘లుక్’ తో వచ్చేవన్నీ కలిసిపోతున్నాయి. ఎట్టా గుర్తుపెట్టుకోవాలి?

ఒకే ఇంట్లో ఒకే రోజు జరిగినట్టు ఊహించుకోండి. తాళాలు కనపడక వెతుకుతున్నారు, అది ‘లుక్ ఫర్’. ముసలావిడను కోడలు చూసుకుంటోంది, అది ‘లుక్ ఆఫ్టర్’. కరెంటు బిల్లు ఎక్కువ వచ్చిందని కంప్లైంట్ ఇస్తే అధికారి సంగతేంటో చూస్తామన్నాడు, అది ‘లుక్ ఇన్‌టు’. చిన్నోడు తెలియని మాటకు డిక్షనరీలో అర్థం చూశాడు, అది ‘లుక్ అప్’. హైదరాబాద్ నుంచి పెద్దోడు పండక్కి వస్తాడని అందరూ ఎదురుచూస్తున్నారు, అది ‘లుక్ ఫార్వర్డ్ టు’.

ఈ చివరిదాంట్లో పదిమందిలో తొమ్మిదిమంది తప్పు చేస్తారు. ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు’ అని మెయిల్స్‌లో రాస్తుంటారు. ‘టు మీటింగ్ యు’ అనాలి. ఇక్కడి ‘టు’ తర్వాత నామవాచకం గానీ ‘ఇంగ్’ రూపం గానీ రావాలి.

బస్సు దిగడానికి ‘గెట్ డౌన్’ అంటే తప్పా?

మన దేశంలో ఎవరికైనా అర్థమవుతుంది. బయటివాళ్లు మాత్రం ‘గెట్ ఆఫ్ ద బస్’ అంటారు. నిలబడి నడవగలిగేంత పెద్ద బండ్లకు, అంటే బస్సుకు, రైలుకు, విమానానికి ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. కారుకు ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్ ఆఫ్’. బైకు, సైకిలు చిన్నవైనా పైకెక్కి కూర్చుంటాం కాబట్టి వాటికీ ‘ఆన్’, ‘ఆఫ్’ వాడతారు. ‘ఐ గాట్ ఆఫ్ ద బస్ యట్ ఆత్మకూర్ బస్టాండ్ అండ్ గాట్ ఇన్‌టు యాన్ ఆటో’ అని రెండుసార్లు పైకి చదవండి, చాలు.

‘ఫిల్ ఇన్’, ‘ఫిల్ అవుట్’, ‘ఫిల్ అప్’?

ఫారానికి బ్రిటన్‌లో ‘ఫిల్ ఇన్’ ఎక్కువ, అమెరికాలో ‘ఫిల్ అవుట్’ ఎక్కువ. రెండూ ఒప్పే. ‘ఫిల్ అప్’ను పెట్రోల్ బంకుకు వదిలేయండి. మన దగ్గర సచివాలయం నుంచి కాలేజీ దాకా అందరూ ‘ఫిల్ అప్ ద ఫామ్’ అనే అంటారు. దానికోసం ఎవరితోనూ వాదనకు దిగొద్దు.

రెండు మాటల మధ్యలో ఇంకో మాట పెట్టొచ్చా?

కొన్నిటికి పెట్టొచ్చు. ‘టర్న్ ఆఫ్ ద ఫ్యాన్’ అనొచ్చు, ‘టర్న్ ద ఫ్యాన్ ఆఫ్’ అనొచ్చు. కానీ ఫ్యాను బదులు ‘ఇట్’ అంటే మాత్రం మధ్యలోనే పెట్టాలి. ‘టర్న్ ఇట్ ఆఫ్’ సరైనది, ‘టర్న్ ఆఫ్ ఇట్’ అనరు. ‘ఇట్, దెమ్, హిమ్, హర్, మీ’ అన్నిటికీ ఇదే నియమం. పోటీ పరీక్షల ఎర్రర్ స్పాటింగ్‌లో దీన్ని బాగా ఇష్టపడతారు.

కొన్ని విడిపోవు. ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనాలి, ‘లుక్ హర్ ఆఫ్టర్’ అని ఎవరూ అనరు. ‘పుట్ అప్ విత్’, ‘రన్ అవుట్ ఆఫ్’ లాంటి మూడు మాటలవి కూడా విడిపోవు. ఏది విడిపోతుందో చెప్పే పక్కా సూత్రం లేదు. మంచి డిక్షనరీలో ‘పుట్ సంథింగ్ ఆఫ్’ అని మధ్యలో ఖాళీ చూపిస్తారు, అది చూసుకోవడమే.

ఇక్కడే ఇంకో సంగతి. తెలుగులో ‘లైట్ ఆన్ చెయ్యి’, ‘ఫ్యాన్ ఆఫ్ చెయ్యి’ అంటాం కదా. అదే ఊపులో ఇంగ్లిష్‌లో ‘ఆన్ ద లైట్’, ‘ఆఫ్ ద ఫ్యాన్’ అనేస్తారు. అందులో క్రియ లేదు. ‘టర్న్’ గానీ ‘స్విచ్’ గానీ పడాల్సిందే.

ఒకే మాటకు నాలుగైదు అర్థాలు ఎందుకు? మతి పోతోంది.

పోతుంది. ‘గో ఆఫ్’ తీసుకోండి. కరెంటు ‘గోస్ ఆఫ్’ అంటే పోయింది. అలారం ‘గోస్ ఆఫ్’ అంటే మోగింది. ఒకటి ఆగిపోవడం, ఒకటి మొదలుకావడం, పూర్తిగా ఎదురెదురు అర్థాలు. చీమకుర్తి క్వారీల వైపువాళ్లకు ఇంకోటి చెబుతాను: పేలుడు మందు ‘గోస్ ఆఫ్’ అంటే పేలింది. బ్రిటన్‌లో పాలు ‘గో ఆఫ్’ అంటే పాడయ్యాయి. కరెంటు, అలారం, మందు, పాలు అని నాలుగు తోడు మాటలు పక్కన పెట్టుకుంటే ఒక్కదాని అర్థం కూడా బట్టీ పట్టక్కర్లేదు. తోడు మాటే దారి చెబుతుంది.

‘టేక్ ఆఫ్’ కూడా అంతే. చెప్పులతో వస్తే విడవడం, విమానంతో వస్తే ఎగరడం, వ్యాపారంతో వస్తే ఊపందుకోవడం. ‘బ్రేక్ డౌన్’ లారీకి ఆగిపోవడం, మనిషికి బోరుమనడం, చర్చలకు బెడిసికొట్టడం. ‘మేక్ అప్’ పక్కన ‘స్టోరీ’ ఉంటే కట్టుకథ అల్లడం. మొగుడూ పెళ్లాల గొడవ తర్వాత వస్తే మళ్లీ కలిసిపోవడం.

‘అప్’ అంటే ఎప్పుడూ పైకేనా?

కాదు. పూర్తిగా చేయడానికి వస్తుంది: ‘క్లీన్ అప్’, ‘యూజ్ అప్’. పెరగడానికి వస్తుంది: ‘స్పీక్ అప్’ అంటే గట్టిగా మాట్లాడమని. ఊడిపడటానికీ వస్తుంది: ‘టర్న్ అప్’, ‘షో అప్’. ‘ఆఫ్’ చాలాసార్లు విడిపోవడం చెబుతుంది, ‘కట్ ఆఫ్’, ‘డ్రాప్ ఆఫ్’ లాగా. ఈ లెక్క సగం చోట్లే పనిచేస్తుంది. ఊహించడానికి వాడుకోండి, సూత్రంలా నమ్మొద్దు.

ఆఫీసు మెయిల్‌లో, ఇంటర్వ్యూలో వాడొచ్చా?

నిక్షేపంగా వాడొచ్చు. ఫ్రేజల్ వెర్బ్స్ అంటే వాడుక భాష, పెద్దవాళ్ల ముందు పనికిరావు అనే భయం మన దగ్గర బాగా ఉంది. ‘క్యారీ అవుట్’, ‘సెట్ అప్’, ‘పాయింట్ అవుట్’ పెద్ద పెద్ద రిపోర్టుల్లో కూడా ఉంటాయి. 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచి మాటలు రాజసభలోకి, కోర్టుల్లోకి వచ్చి హోదా తెచ్చుకున్నాయి. లాటిన్ మాటలకు చదువుకున్నవాళ్ల భాష అన్న పేరుంది. అందుకే ‘పోస్ట్‌పోన్’, ‘ఇన్వెస్టిగేట్’, ‘టాలరేట్’ కాస్త దర్జాగా వినిపిస్తాయి, ‘పుట్ ఆఫ్’, ‘లుక్ ఇన్‌టు’, ‘పుట్ అప్ విత్’ ఇంట్లో మాటల్లా ఉంటాయి. లీగల్ నోటీసులో మొదటి రకం, సహోద్యోగికి రాసే మెయిల్‌లో రెండో రకం. ఇంటర్వ్యూలో మాట్లాడేటప్పుడు రెండో రకమే సహజంగా ఉంటుంది.

విదేశాలకు వెళ్లడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసే నర్సులకు ఒక మాట. స్పీకింగ్‌లో చూసే నాలుగు అంశాల్లో పదసంపద ఒకటి. అందులో ఏడో బ్యాండ్ (స్కోరు) దగ్గర జాతీయాల లాంటి వాడుకను చూస్తారు. ‘ఐ లుక్ ఆఫ్టర్ పోస్ట్ ఆపరేటివ్ పేషెంట్స్’ అని మీ పని గురించి మామూలుగా చెప్పినా దానికి విలువ ఉంటుంది. వరసబెట్టి పది ఫ్రేజల్ వెర్బ్స్ దూరిస్తే బట్టీ అని వెంటనే తెలిసిపోతుంది.

సినిమాల్లో వాళ్లు అంటే అర్థం కాదు, రాసి ఉంటే అర్థమవుతుంది. ఎందుకని?

కలిపి పలుకుతారు కాబట్టి. ‘పిక్ ఇట్ అప్’ చెవికి ‘పికిటప్’ అని తగులుతుంది. మనం ‘టేక్ ఆఫ్’ను ‘టేకాఫ్’ అని సంధి చేసినట్టే వాళ్లూ చేస్తారు. ఊనిక కూడా గమనించండి. క్రియగా వాడితే బరువు చాలాసార్లు చిన్న మాట మీద పడుతుంది: ‘బ్రేక్ డౌన్’. నామవాచకంగా వాడితే మొదటిదాని మీద: ‘బ్రేక్‌డౌన్’. రాసిన వాక్యాన్ని గొంతు విప్పి చదవకుండా ఇది అబ్బదు.

మన దగ్గర ఎక్కువగా వచ్చే తప్పులు ఏవి?

‘కోప్ అప్ విత్’ అన్నిటికంటే ముందుంటుంది. ‘కోప్ విత్’ చాలు, ‘అప్’ అక్కర్లేదు. ‘క్యాచ్ అప్ విత్’, ‘కీప్ అప్ విత్’ విని విని దీనికీ తగిలించారు. ‘రిటర్న్ బ్యాక్’లో ‘బ్యాక్’ దండగ. ‘డిస్కస్ అబౌట్’లో ‘అబౌట్’ దండగ. ఫోన్ చేసి ‘వేర్ ఆర్ యు పుట్ అప్?’ అని అడగటం మన దేశంలో చెల్లుతుంది, బయటివాళ్లు తలగోక్కుంటారు. ‘వేర్ ఆర్ యు స్టేయింగ్?’ అంటే గొడవే లేదు.

రెజ్యూమెలో ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022’ అని రాశాను. మార్చాలా?

మార్చండి. మన దేశంలో ‘పాస్డ్ అవుట్’ అంటే చదువు పూర్తిచేశాడని. సైనిక అకాడమీల్లో శిక్షణ ముగిశాక జరిగే ‘పాసింగ్ అవుట్ పరేడ్’లో ఇదే అర్థం ఉంది, అక్కడ తప్పు లేదు. మిగతా చోట్ల అమెరికాలో గానీ బ్రిటన్‌లో గానీ ‘పాస్డ్ అవుట్’ అంటే స్పృహ తప్పి పడిపోయాడని. ‘పాస్డ్ అవే’ అని రాసినవాళ్లూ ఉన్నారు, అది ఏకంగా చనిపోయాడని. కాబట్టి ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్ విక్రమ సింహపురి యూనివర్సిటీ ఇన్ 2022’ అని రాయండి. ఇంటర్ అయితే ‘ఐ కంప్లీటెడ్ ఇంటర్మీడియట్’ అనండి.